ఖర్జూరం తోటలో పందికొక్కుల వేట

ఇప్పుడు సౌదీలో, జుబైల్ లేబర్ క్యాంపులో, ఏసీ గదిలో మంచం మీద కూచుని చెబుతున్నాను గనక అంతా సరదాగానే ఉంటుంది గాని, నా పడుచుతనంలో కొంత భాగం చేత తుపాకి పట్టుకుని పందికొక్కుల కన్నాల ముందు గడిచిందంటే మా క్యాంపులో ఒక్కడూ నమ్మడు. "సౌదిల తుపాకా? గది నీ చేతికా?" అంటారు. నిజమే, నమ్మేలా ఉండను నేను. అప్పుడూ ఉండేవాణ్ణి కాదు. ఆ రోజులంటే మరీ తాతలనాటి రోజులేం కావు. చేతిలో ఫోను ఉంది, ఫోనులో పెళ్ళాం మొహం కనబడేది, కాకపోతే తోట మొత్తానికి నెట్టు అందే జాగా ఒకే ఒక్కటి ఉండేది (నీళ్ళ ట్యాంకు దగ్గర, అదీ ట్యాంకుకు వీపు ఆనించి నిలబడితేనే). అయినా ఎందుకో ఆ సాయంత్రాలు చాలా వెనక్కి జరిగిపోయినట్టు ఉంటాయి. షిఫ్టు దిగి బస్సు కేసి నడుస్తున్నప్పుడు, ఎవరో మొక్కలకు పైపు పెట్టి తడిపిన మన్ను వాసన తగిలితే చాలు, అక్కడే ఆగిపోతాను. వెనకవాడు "నడువు బై, బస్సు పోతది" అని వీపు తడితేగాని కదలను.

మాది జగిత్యాల దిక్కు పల్లె. పెళ్ళయిన ఏడాదికే, మా ఇంటామెకు నెలలు నిండుతుండగా నేను విమానమెక్కాను. సౌదీ అంటే ఇసక తప్ప మరేం ఉండదని మనసు రాయి చేసుకుని వచ్చినవాణ్ణి తీసుకొచ్చి హుఫూఫ్ పక్కన ఖర్జూరం తోటలో దించారు. చూద్దును గదా, కాలవలు, మళ్ళు, గట్లు, గట్ల మీద పచ్చగడ్డి. ఇంత దూరం వచ్చింది మళ్ళీ మడికి నీళ్ళు కట్టడానికా అని మొదటిరోజే నవ్వొచ్చింది. తోట యజమాని ఒక ముసలాయన. ఆయనే నా కఫీలు, అంటే నా వీసా, నా పాస్‌పోర్టు, నా రాకపోకలు అన్నీ ఆయన చేతిలో ఉండేవి. మేం ఆయన్ని బాబా అనేవాళ్ళం. మేం అంటే నేనూ, హైదరాబాదు నుంచి వచ్చిన డ్రైవరు చాచా. చాచా పేరుకే డ్రైవరు. తోటకు మేస్త్రీ, మాకు వంటవాడు, బాబా అరబ్బీని నాకు తెలుగులోకి, నా తెలుగును బాబాకు అరబ్బీలోకి మార్చేవాడు కూడా ఆయనే. మార్చడమంటే ఉన్నది ఉన్నట్టు మార్చే రకం కాదు. కూరలో ఉప్పు వేసినట్టే మాటల్లోనూ తన చేతిరుచి చూపించేవాడు.

నేను చేరిన మూడో ఏడు తోటలో పందికొక్కులు పడ్డాయి. అచ్చం మన ఊరి పందికొక్కులే, ఆ మొద్దు మూతి, ఆ బొద్దు నడుమూ. కాలవ గట్లను తొలిచేసేవి. మా వంతు నీళ్ళు వదిలితే సగం మా చెట్లకు, సగం ఆ కన్నాల్లోకి పోయేవి. బాబా ముచ్చటపడి నాటించిన ఖర్జూరం పిలకలు పొద్దున లేచేసరికి వేళ్ళు తెగి పక్కకు ఒరిగి ఉండేవి. మందు పెడదామంటే తోటలో మేకలున్నాయి, బాబా ఒప్పుకోలేదు. ఒకనాడు మా ఇద్దర్నీ పిలిచి, నన్ను కిందికీ పైకీ చూసి, మీ దేశంలో వేటగాళ్ళుంటారా అని చాచాతో అడిగించాడు. నేను ఉన్నమాట చెప్పాను. "మా తాత అడివికి పోయెటోడు చాచా, కట్టెలు కొట్టుకొచ్చెటోడు" అన్నాను. చాచా బాబా వైపు తిరిగి చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో చేతులు రెండూ చాపి ఏదో పెద్ద జంతువును కొలిచి చూపించాడు. బాబా కళ్ళు పెద్దవయ్యాయి. లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన గాలి తుపాకి తెచ్చి నా చేతిలో పెట్టాడు. చప్పుడు పెద్దగా చెయ్యదు, శనగగింజంత సీసపు గుండు విసురుతుంది. దాన్నక్కడ సక్తూన్ అంటారు.

"ఏం జెప్పినవ్ చాచా?" అన్నాను బయటికొచ్చాక.

"నీ తాత షికారీ అని చెప్పిన. ఒక పులికి ఒకటే గోలీ."

"మా తాత గొడ్డలి తప్ప ఏం పట్టలే చాచా."

"అరె, కట్టెలు కొట్టెటోడు అంటే నీకు గొడ్డలిస్తడు, చెట్లు కొట్టమంటడు. షికారీ అంటే బందూకిస్తడు, కూసోమంటడు. ఏది ఆరామ్ చెప్పు నువ్వే" అన్నాడు. ఆ లెక్క ప్రకారం చూస్తే ఆయన నాకు మేలే చేశాడు. కానీ ఆ మేలుకు తోకలా ఒక షరతు వచ్చి తగులుకుంది. బాబా తలుపు దగ్గర నిలబడి వేలెత్తి, "ఫార్ ఖలాస్, ఇంత సఫర్" అన్నాడు. చాచా జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు మార్చి చెప్పాడు. "ఎలుకలు ఖతమైతేనే నీకు ఛుట్టీ."

ఆ సెలవు కోసం నేను ఎంత కొట్టుకుంటున్నానో బాబాకు తెలియదు. నేనొచ్చిన కొద్ది రోజులకే బిడ్డ పుట్టింది. ఫోనులో చూడటమే గాని ఎత్తుకున్నది లేదు. మాలో పుట్టువెంట్రుకలు ఏడాదిలోపు తీయాలి, తప్పితే మూడో ఏట తీయాలి, అదీ తప్పితే ఐదో ఏటికి పోతుంది, సరి ఏడు పనికిరాదు. ఏడాదిలోపు నేను రాలేదు. మూడో ఏడు నడుస్తోంది. తండ్రి లేకుండా వేములవాడకు పోయేది లేదని మా ఇంటామె పట్టుబట్టి కూచుంది. ఈలోగా ఆ పిల్ల జుట్టు పెరిగి, చిక్కులు పడి, దువ్వెన చూస్తే పారిపోయే దాకా వచ్చింది. "మూడో ఏడు దాటితే మళ్ల ఐదో ఏటికే. గప్పటిదాంక ఈ నెత్తి ఎవలు దువ్వాలె? నువ్వొచ్చి దువ్వుతవా?" అని అడిగేది. పుట్టినరోజు దసరా పోయిన వెంటనే వస్తుంది. ఖర్జూరాలు దించడం అయ్యేదీ అప్పుడే. అంటే ఆలోపు పందికొక్కులు పోవాలి, నేను ఇల్లు చేరాలి.

ఇక నా వేట. అసర్ నమాజు అయి ఎండ కాస్త వాలాక, ఖర్జూరం డబ్బా ఒకటి బోర్లించుకుని కాలవ గట్టు ఎదురుగా కూచునేవాణ్ణి. మొదటి గుండు నీళ్ళ ట్యాంకుకు తగిలింది. ఆ ట్యాంకు పందికొక్కుకు ఎదురుగా ఉందనుకునేరు, పక్కకు ఉంది. సన్నటి ధార కొట్టడం మొదలుపెట్టింది. చాచా పరుగున వచ్చి రొట్టెపిండి ముద్ద పెట్టి అదిమాడు. మరోనాడు పొయ్యి మీద చాయ్ కాస్తున్న ఆయన కెటిల్‌కే తగిలింది. ఆయన కెటిల్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, "మియా, నేను గూడ ఎలుక లెక్క కనబడుతున్ననా?" అని అడిగి కొత్త కెటిల్ కోసం ఊళ్ళోకి పోయాడు. బాబా అప్పుడప్పుడూ దూరం నుంచి గమనించేవాడు. నేను గురి పెట్టి, పెట్టి, కొట్టకుండా దించేస్తుంటే ఎందుకలా అని అడిగేవాడు. గాలి చూస్తున్నాడని చెప్పేవాడు చాచా. పెద్ద షికారీలు ఊరికే కొట్టరని, గాలి మారేదాకా ఆగుతారనీ చెప్పేవాడు.

ఒక్కటైనా తగల్లేదా అంటే, తగిలింది. నేను గురి చూసింది దాన్ని కాదు. నేను చూసింది పారిపోయింది, పక్కన తన మానాన తాను గడ్డి కొరుకుతున్నది పోయింది. చాచా దాన్ని తోక పట్టుకుని తీసుకెళ్ళి బాబాకు చూపించాడు. మర్నాడు దాన్నే మళ్ళీ చూపించాడు. ఆ తర్వాతి రోజు కూడా చూపించబోతే బాబా ముక్కు మూసుకుని దూరం నుంచే చాలు చాలన్నాడట. అలా బాబా దృష్టిలో నా వేట బాగానే సాగుతోంది, పిలకలు మాత్రం రోజూ ఒరుగుతూనే ఉన్నాయి. (అన్నట్టు వినాయక చవితి వచ్చింది మధ్యలో. ఆ ఒక్కరోజు మాత్రం ఎలుక జాతి మీద చెయ్యెత్తవద్దని మా ఇంటామె గట్టిగా చెప్పింది. తుపాకి ముట్టకుండా కూచున్నాను. ఎందుకని బాబా అడిగితే, షికారీలు ఏటా ఒకనాడు రోజా, అంటే ఉపవాసం, ఉంటారని చెప్పి చాచా నా పరువు నిలబెట్టాడు. బాబాకు నా మీద గౌరవం పెరిగింది. సాయంత్రం నా కోసం ప్రత్యేకంగా పళ్ళు పంపించాడు.)

రోజూ ట్యాంకుకు వీపు ఆనించి ఇంటికి ఫోను చేస్తే మా ఇంటామె మొదట అడిగే మాట "సచ్చినయా?" అని. నా బాగోగులు ఆ తర్వాత. ఊళ్ళో వాళ్ళు మీ ఆయనది సౌదీలో ఏం పని అని అడిగితే మొదట్లో నిజమే చెప్పిందట. ఎలుకలు కొట్టనీకి విమానమెక్కిపోయిండా అని నవ్వారట. అప్పటినుంచి సెక్యూరిటీ అని చెబుతోంది. బిడ్డను ఎత్తి ఫోనుకు చూపించేది. ఆ పిల్ల జుట్టు మొహమంతా కప్పేసి ఉండేది, మధ్యలోంచి రెండు కళ్ళు. "నాన్న ఏడి?" అని తల్లి అడిగితే వేలితో ఫోనును పొడిచేది. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఫోను పెట్టేశాక తుపాకి తీసుకుని గట్టు దగ్గరికి పోయేవాణ్ణి. ఈసారి గురి తప్పకూడదు అనుకునేవాణ్ణి, తప్పేది.

వాటిలో ఒకటుండేది. అన్నిటికన్నా పెద్దది. నేను దానికి సర్పంచ్ అని పేరు పెట్టాను. కన్నంలోంచి తొందరేం లేకుండా బయటికొచ్చి, పొట్ట ముందుకు పెట్టి కూచుని, నాలుగు దిక్కులూ చూసి, మూతి కడుక్కుని, అప్పుడు పని మొదలుపెట్టేది. మా ఊళ్ళో పాత సర్పంచ్ ఇంటి ముందు అరుగు మీద కూచునే తీరు అదే. మొదట్లో దాన్ని కొడితే మిగతావన్నీ పారిపోతాయని పగబట్టి కూచున్నాను. రాను రాను దాంతో మాట్లాడటం అలవాటైంది. చాచా తెలుగు మాట్లాడతాడు గాని అది సగం ఉర్దూ. నా తెలుగు మొత్తం వినేది ఆ తోటలో అదొక్కటే. "ఎందుకు బై ఈ లొల్లి, నువ్వో తోట చూసుకో, నేను నా ఇల్లు చూసుకుంట" అని చెప్పేవాణ్ణి. అది చెవులు నిక్కబొడుచుకుని వినేది. గుండు వేసేలోగా కన్నంలోకి జారుకునేది. అది రాని సాయంత్రం నాకు తోచేది కాదు. ఈ మాట ఇప్పటిదాకా మా ఇంటామెకు చెప్పలేదు.

ఖర్జూరాలు దించడం మొదలైంది. గెలలు తాళ్ళతో కిందికి దిగుతున్నాయి, షెడ్డు నిండుతోంది, సర్పంచ్ ఇంకా లావెక్కాడు. దసరా దగ్గరికొచ్చింది. ఒకరోజు ఫోనులో మా ఇంటామె "సచ్చినయా" అని అడగలేదు. "ఇగ తియ్యి, నువ్వు రావు" అంది. అంతే, ఏడవను కూడా లేదు. ఆమె ఏడ్చి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం నేను ట్యాంకు దగ్గరే కూలబడ్డాను. ఏడుపొచ్చింది, దాచేదేముంది. చాచా వచ్చి పక్కన కూచున్నాడు. కాసేపటికి, "మీ దిక్కు ఎలుకలు లేవా? మీ నాయ్న ఏం చేస్తుండె? ఆయన గూడ షికారీయేనా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మా నాయన తుపాకి ఎరగడు. వరి గట్లలో పందికొక్కులు పడితే పాత కుండకు అడుగున చిల్లి పెట్టి, అందులో గడ్డి కుక్కి, నిప్పేసి, పైన గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి, మూతిని కన్నానికి ఆనించి ఆ చిల్లిలోంచి ఊదేవాడు. మిగతా కన్నాలు మేము మట్టితో మూసేవాళ్ళం. ఒక్కటి మాత్రం వదిలి కర్రలు పట్టుకుని నిలబడేవాళ్ళం. లోపల పొగకు ఏ పందికొక్కూ ఆగలేదు. ఇంత కాలం ఆ తుపాకి పట్టుకుని కూచున్న నాకు ఈ సంగతి ఎందుకు తట్టలేదంటే ఏం చెప్పను, చేతిలో తుపాకి ఉంటే కుండ గుర్తుకు రాదు మరి.

ఎండుమిరపకాయలు ఉన్నాయి. మా ఊరి మిరపకాయలు, ఎవరో వస్తుంటే మా ఇంటామె పంపిన మూట, వంటలో రెండేస్తేనే చాచా కళ్ళు తుడుచుకునేవాడు. కుండ దొరకలేదు. నూనె డబ్బాకు చిల్లులు పెట్టాం. ఖర్జూరం పీచు కుక్కాం. ఇక ఊదడం. నేను నోటితో ఊదబోతుంటే చాచా ఆపి, "నోరెందుకు మియా, మిషనుంది గద" అని షెడ్డులో దుమ్ము ఊదే కరెంటు మిషను మోసుకొచ్చాడు. ఆ రోజు శుక్రవారం. కన్నాలన్నీ మూశాం, ఒకటి వదిలాం, దాని ముందు చాచా పార పట్టుకుని నిలబడ్డాడు. నేను మూటలో మిరపకాయలు సగం వేశాను. మిషను పెట్టాను.

పొగ లోపలికి పోతోంది, పోతూనే ఉంది. వదిలిన కన్నంలోంచి రావడం లేదు. ఎలుక లేదు, పొగ లేదు. "తక్కువైనట్టుంది" అన్నాడు చాచా. మిగతా సగం కూడా వేశాను. మా నాయన వరి గట్టు పొడవు ఎంతో నాకు తెలుసు, దాని కింద ఎలుక ఎంత దూరం తవ్వగలదో తెలుసు. ఇక్కడి ఎలుకలకు తోటంతా తవ్వుకునే జాగా ఉందన్న ఆలోచన రాలేదు.

తోట నడుమ పాతకాలపు మట్టిగోడల గది ఒకటుంది. బాబా మజ్లిస్, అంటే చుట్టపక్కాలు వస్తే తివాచీల మీద కూచుని కహ్వా అనే వాళ్ళ కాఫీ తాగే చావడి. ఆ శుక్రవారం అక్కడ చుట్టుపక్కల తోటల పెద్దమనుషులంతా చేరారు. ముందు ఒక తుమ్ము వినబడింది. అక్కడ ఒకరు తుమ్మితే దేవుణ్ణి తలుచుకోవాలి, విన్నవాళ్ళు ఆయన్ని దీవించాలి, ఆయన తిరిగి వాళ్ళను దీవించాలి. మర్యాద తెలిసిన మనుషులు, ఎవరూ తప్పరు. మొదటి దీవెన పూర్తయ్యేలోగా ఇంకొకరు తుమ్మారు. ఆయన్ని దీవిస్తున్నవాడూ తుమ్మాడు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని దీవిస్తున్నారో తెలియకుండా పోయింది. చాచా పార కింద పడేసి "మిషను బందు చెయ్యి" అన్నాడు మెల్లగా. నేను ఆపేసరికే పెద్దమనుషులు ఒక్కొక్కరే తలగుడ్డలు మూతికి అడ్డం పెట్టుకుని బయటికొస్తున్నారు. ఒకాయన కహ్వా కప్పు పట్టుకునే వచ్చాడు. ఆఖరున బాబా వచ్చాడు, కళ్ళు ఎర్రగా మండుతూ. బాబా వెనక, గడప దాటి, సర్పంచ్ వచ్చాడు. దాని వెనక దాని సంసారం మొత్తం. పెద్దమనుషుల మధ్యలోంచి, ఎవర్నీ తొక్కకుండా, వరసగా నడిచి పక్క తోట గోడ కింది నుంచి దాటిపోయాయి. నా చేతికి అందేంత దూరంలో వెళ్ళాయి. తుపాకి నా పక్కనే ఉంది. ముట్టాలని కూడా తోచలేదు.

బాబా తలగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. నా దగ్గరికొచ్చి తుపాకి తీసుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ధైర్యం వచ్చేది. చాచా మొహం పాలిపోయింది. "ఖురూజ్ కొడ్తడేమో" అన్నాడు. ఖురూజ్ అంటే మళ్ళీ రాకుండా పంపించేయడం. నేను ఫోనులో మా ఇంటామెకు సంగతంతా చెప్పాను. పని పోవచ్చు అన్నాను.  "ఖురూజో గిరూజో, నువ్వైతే రా" అందామె. పని పోతున్నందుకు ఏడవాలో, ఎలాగైనా ఇల్లు చేరుతున్నందుకు సంతోషించాలో తేల్చుకోలేక, ఆ రాత్రి పెట్టె సర్దుతూ బిడ్డ కోసం కొన్న బొమ్మను తీసి చూసి, మళ్ళీ పెట్టాను.

బాబా అంత తొందరపడలేదు. మజ్లిస్‌లో తివాచీలు తీయించి చూశాడు. పొగ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడల్లా నేల డొల్ల. గోడ కింద కూడా తవ్వేసి ఉంది. ఒక వాన పడితే ఆ గోడ మనుషుల మీదికి వచ్చేదని గోడలు కట్టే మేస్త్రీ వచ్చి చెప్పాడు. ఈలోగా తుమ్మిన పెద్దమనుషులు ఊరంతా తిరిగి ఈ కథ చెప్పుకుని నవ్వుతున్నారట, బాబా దగ్గర పెద్దమనుషుల్నే తరిమే వేటగాడున్నాడని. నాలుగు రోజులకు బాబా నన్ను పిలిచాడు. చేతిలో నా పాస్‌పోర్టు ఉంది. ఖురూజ్ కాదు, సెలవు. చాచాతో ఏదో చెప్పి నవ్వాడు. నేను బాబా నవ్వగా చూసింది అప్పుడే. "వాపస్ వచ్చేటప్పుడు ఆ మిర్చి తెమ్మంటుండు" అన్నాడు చాచా. "దాన్ని షికారీల దవా అని చెప్పిన. పక్క తోటాయనకు గూడ కావాల్నట." పక్క తోటాయనకు ఎందుకు కావాలో మాకు తెలుసు. సర్పంచ్ వలస పోయింది అక్కడికే. కట్టుబట్టలతో పెళ్ళాం బిడ్డల్ని వెంటేసుకుని పోయాడు వాడు. నేను అది కూడా చేయలేకపోయాను గదా అని ఒక్క క్షణం వాడి మీద అసూయ కూడా కలిగింది.

మూడో ఏడు దాటకముందే ఇల్లు చేరాను. వేములవాడకు పోయాం. నేను లేకపోతే జరగదని ఇన్నాళ్ళు ఆపిన ఆ పుట్టువెంట్రుకలకు తీరా చూస్తే నాకు కూచునే చోటే లేదు. మాలో బిడ్డను మేనమామ ఒళ్ళో కూచోబెట్టుకోవాలి, మొదటి కత్తెర మేనమామదే. మా బామ్మర్ది కొత్త పంచె కట్టుకుని పెళ్ళికొడుకులా బాసిపట్టు వేసుకున్నాడు. క్షురకుడు కత్తి తడిపాడు. ఆ పిల్ల కత్తిని చూసి "నాన్నా, నాన్నా" అని ఏడుపు లంకించుకుంది. నా ప్రాణం లేచొచ్చింది. "ఈడనే ఉన్న బిడ్డా" అంటూ ముందుకురికాను. నన్ను చూసి ఇంకా గట్టిగా కేకపెట్టి మేనమామ రొమ్ములో మొహం దాచుకుంది. నేను వచ్చిన నాటినుంచీ అంతే, నా దగ్గరికి రాదు. ఈ మీసాల మనిషి ఎవరో ఇంట్లో తిరుగుతున్నాడని ఆ పిల్ల అనుమానం. "ఆయినెను జర దూరం జరుగుమనుండ్రి, పోరి బెదురుతున్నది" అన్నాడు క్షురకుడు. అందరూ నా వైపు చూశారు. జరిగాను.

మా ఇంటామె తన ఫోను తీసి బిడ్డ చేతిలో పెట్టి నా వైపు చూసింది. నాకు అర్థమైంది. జనంలోంచి బయటికి నడిచి, కొబ్బరికాయల దుకాణం వెనక నిలబడి వీడియో కాల్ చేశాను. బిడ్డ మొహం కనబడింది, కన్నీళ్ళూ చీమిడీ. నన్ను చూసింది. ఏడుపు ఆపేసింది. "నాన్నా" అంది. నేను కోతుల గురించి, విమానం గురించి, నోటికొచ్చిందల్లా చెబుతూ పోయాను. ఒక్కో పాయా రాలి తెల్లటి గుండు బయటపడుతోంది, ఆ పిల్ల మాత్రం నవ్వుతోంది. నేనిక్కడ అన్న మాట అక్కడ పిల్ల చేతిలో ఫోనులోంచి కాస్త ఆలస్యంగా నాకే వినబడుతోంది. దుకాణంలో ముసలామె నా కళ్ళు చూసి, "ఎవలతోని బిడ్డా, చానా దూరం ఉన్నరా?" అని అడిగింది. "ఔ అవ్వా, జర దూరమే" అన్నాను.

ఇప్పుడు బాబా లేడు, కొడుకులు తోటను ఎవరికో ఇచ్చేశారు. చాచా హైదరాబాదులో మనవల్ని ఆడిస్తున్నాడు. వాళ్ళకు నా గురించి ఏమేం చెబుతున్నాడో, ఈపాటికి నేను సింహాలను కూడా కొట్టి ఉంటాను. నేను జుబైల్ చేరి చాలా ఏళ్ళైంది. బిడ్డ తొమ్మిదో తరగతి, రెండు జడలు, తల్లికన్నా పొడుగు. ఇప్పుడు నన్ను చూసి బెదరదు. నేను ఛుట్టీ వెళితే బ్యాగు అందుకుంటుంది, నీళ్ళిస్తుంది, నవ్వుతుంది, కానీ ఎదురుగా కూచుంటే నాలుగు మాటలు రావు. నాకూ రావు. మొన్న పోయినప్పుడు తనే అన్నం వడ్డించింది, తనే కంచం తీసింది. నేను బయట నులకమంచం మీద వాలాను. జేబులో ఫోను మోగింది. చూస్తే బిడ్డ పేరు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినబడుతోంది, అక్కడే ఉంది. లేచి లోపలికి పోదామా అనిపించింది. పోలేదు, ఫోను ఎత్తాను.

"నాన్నా, తిన్నవా?" అంది.

"తిన్న బిడ్డా. నువ్వు తిన్నవా?" అన్నాను. ఆ తర్వాత బడి సంగతులు, స్నేహితురాళ్ళ సంగతులు చాలాసేపు మాట్లాడుకున్నాం.